కణాల మధ్య ఏముందో చూడండి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. పెళ్లి, పిల్లలు, ఇల్లు అయ్యాక పన్నెండేళ్లకి మళ్లీ పుస్తకం పట్టుకుని నర్సింగ్ కోర్సులో చేరాను. క్లాసులో అందరూ నాకంటే చాలా చిన్నవాళ్లు. అనాటమీలో మొదటి పాఠమే కణాలు, కణజాలాలు. ఉపకళా, సంయోజక, కండర, నాడీ అని నాలుగు రకాలు, వాటిలో మళ్లీ రకాలు. రాత్రి బట్టీ పట్టినవి పొద్దున్నకి తారుమారు అవుతున్నాయి. రక్తం సంయోజక కణజాలమట. ద్రవం కణజాలం ఎలా అవుతుందని అడిగితే "పుస్తకంలో అలాగే ఉంది, రాసుకోండి" అన్నారు. ఇంకో సంగతి. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు. "విరిగిన ఎముకే అతుక్కుంటుంది కదా, అరిగిన గుజ్జు మళ్లీ ఎందుకు రాదు?" అని నన్ను అడిగారు. నర్సింగ్ చదువుతున్నాను కానీ జవాబు చెప్పలేకపోయాను. వచ్చే నెల పరీక్ష. టెన్షన్‌గా ఉంది. ఈ పాఠం అర్థమయ్యే దారి ఏదైనా ఉందా?
ఒక పాఠకురాలు

జవాబు: మీ అత్తగారి ప్రశ్న మంచి ప్రశ్న. దాన్ని చివరికి ఉంచుతాను, ఎందుకంటే మిగతావన్నీ తేలితే గానీ దానికి జవాబు దొరకదు.

బట్టీ నిలవకపోవడం మీ వయసు వల్ల కాదమ్మా. చాలా ఏళ్లు విద్యార్థులకు స్లైడ్లు చూపించినవాణ్ని. పద్దెనిమిదేళ్ల పిల్లలూ సరిగ్గా ఇక్కడే తడబడతారు, కాకపోతే పైకి చెప్పరు. నా సంగతే వినండి. మైక్రోస్కోపు ముందు కూర్చున్న మొదటి రోజు గంటసేపు కష్టపడి, గుండ్రంగా, నల్లటి అంచుతో ఒక కణం బొమ్మ గీసి మా మాస్టారికి చూపించాను. అది రెండు గాజుపలకల మధ్య ఇరుక్కున్న గాలి బుడగ! ఆయన నవ్వలేదు గానీ క్లాసంతా నవ్వింది.

మీ తిప్పలకి కారణం పుస్తకం పేర్లతో మొదలవడం. పేర్లు కాసేపు పక్కన పెట్టండి. ఏ కణజాలం ఎదురైనా ముందు ఒక్కటి అడగండి: కణానికీ కణానికీ మధ్య ఏముంది? కణం పొడవా, పొట్టా, గుండ్రమా అన్నది తర్వాత చూసుకోవచ్చు. ఆ మధ్య చోటులో ఏముందో తెలిస్తే నాలుగింటిలో ఏదన్నది చాలావరకు తేలిపోతుంది.

ఎందుకంటారా? మన ఒంట్లో సుమారు 30 లక్షల కోట్ల కణాలుంటాయని అంచనా. లెక్కకి చూస్తే వాటిలో 80 శాతం పైగా ఎర్ర రక్తకణాలే. అన్నీ ఒకే ఒక్క ఫలదీకరణ చెందిన అండం నుంచి వచ్చినవి. కేంద్రకం పోగొట్టుకున్న ఎర్ర రక్తకణాల్లాంటి వాటిని వదిలేస్తే, దాదాపు ప్రతి కణంలోనూ ఉన్నది అదే డీఎన్‌ఏ. అందులో ప్రోటీన్ల తయారీకి పనికొచ్చే జన్యువులు సుమారు 20,000. కాలేయ కణం వాటిలో కొన్నింటిని వాడుకుంటుంది, నాడీకణం ఇంకొన్నింటిని. తేడా అక్కడ మొదలవుతుంది.

ఒకే కణంతో బతికే అమీబాకి ఈ ఏర్పాట్లేవీ అక్కర్లేదు. తిండీ, ఆక్సిజనూ చుట్టూ ఉన్న నీటిలోంచే వస్తాయి. మన కణాలకి ఆ వీలు లేదు. ఆక్సిజన్ తనంతట తాను వ్యాపించి చేరగలిగే దూరం చాలా తక్కువ. అందుకే చాలా కణజాలాల్లో ఏ కణమైనా దగ్గర్లోని రక్తకేశనాళికకి, అంటే వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళానికి, మిల్లీమీటరులో పదో వంతు దూరంలోనో, మహా అయితే దానికి రెట్టింపు దూరంలోనో ఉంటుంది. ఈ దూరం గుర్తుపెట్టుకోండి, మోకాలి దగ్గర పనికొస్తుంది. ప్రతి కణానికీ అంత దగ్గరగా రక్తం వెళ్లాలంటే కణాలు కుప్పపోసినట్టు ఉంటే కుదరదు. పనికో గుంపు, గుంపుకో అమరిక, మధ్యలో దారులు ఉండాలి. అలా ఒకే రకం పని కోసం కలిసి ఉండే కణాలూ, వాటి మధ్య ఉన్న పదార్థమూ కలిపితే కణజాలం. పరీక్షలో చాలామంది ఆ రెండో సగం రాయరు, మీరు రాయండి.

సరదాకి ఒక సంగతి. కణజాలం అన్న ఆలోచనని వైద్యంలో నిలబెట్టినవాడు ఫ్రాన్స్‌కి చెందిన జేవియర్ బిషా. ఒంటిని నేసిన బట్టతో పోల్చి, ఆ భాషలో నేతకి వాడే మాటనే దీనికీ వాడాడు. 1801 నాటికి 21 రకాల కణజాలాలు లెక్కపెట్టాడు. మైక్రోస్కోపు ముట్టుకోకుండానే! అప్పటి మైక్రోస్కోపుల మీద ఆయనకి నమ్మకం లేదు. శవాలను కోసి, ముక్కల్ని నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, ఏది ఎలా మారుతుందో చూసి తేడాలు పట్టుకున్నాడు. 1802లో 30 ఏళ్లకే చనిపోయాడు. జర్మనీకి చెందిన ష్లైడెన్, ష్వాన్ జీవులన్నీ కణాలతోనే తయారయ్యాయనే కణ సిద్ధాంతం చెప్పింది 1838-39లో. అంటే కణం సంగతి తేలకముందే కణజాలం సంగతి తేలింది. మీరు కూడా ఆ వరసలో చదివితే తప్పేం లేదు.

ఇక అసలు విషయానికి వద్దాం. కణాల మధ్య దాదాపు ఏమీ లేకపోతే అది ఉపకళా కణజాలం. కణాలు ఒకదానికొకటి అతుక్కుపోయి, పక్కపక్కన గట్టిగా కుట్టేసినట్టు ఉంటాయి. ఒకవైపు ఖాళీ. అది బయటి గాలి కావచ్చు, పేగు లోపలి బోలు కావచ్చు. రెండోవైపు ఆధార త్వచం అనే పలచటి పొర మీద ఆనుకుని ఉంటాయి. ఈ పొరల్లోకి రక్తనాళాలు రావు. కింద ఉన్న సంయోజక కణజాలం నుంచే తిండి అందుతుంది. చర్మం పైపైన గీసుకుపోతే ఒక్కోసారి మంట పుడుతుంది గానీ రక్తం రాదు, గమనించారా? ఉపకళ వరకే తెగిందన్నమాట. రక్తం వచ్చిందంటే గీత కింది సంయోజక కణజాలంలోకి దిగింది. రేపు వార్డులో పుండ్లకి డ్రెస్సింగ్ చేసేటప్పుడు ఎంత లోతు తెగిందని చూస్తారే, అదీ ఈ లెక్కే.

ఉపకళలో రకాల పేర్లు చూసి భయపడకండి. పేరులో రెండే సంగతులుంటాయి: ఎన్ని వరసలు, పై వరస కణం ఆకారం ఏమిటి. పని తెలిస్తే పేరు మీరే పెట్టగలరు. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల్లోంచి ఆక్సిజన్ రక్తంలోకి జారాలి, కాబట్టి ఒకే వరస, పొలుసుల్లా బల్లపరుపు కణాలు. పేగులో పీల్చుకోవడం, స్రవించడం అనే బరువు పనులున్నాయి, కాబట్టి ఒకే వరస, నిలువుగా పొడవైన కణాలు. మూత్రపిండాల సన్నటి నాళికల్లో ఘనాకారం కణాలు. నోట్లో, చర్మం మీద రాపిడి ఎక్కువ, కాబట్టి వరస మీద వరస, పైన అరిగిపోతుంటే కింద నుంచి కొత్తవి. శ్వాసనాళంలో పొడవు కణాల తలల మీద శైలికలు అనే సన్నటి వెంట్రుకల్లాంటివి ఉంటాయి. అవి దుమ్ముని, కఫాన్ని పైకి తోస్తుంటాయి. ఏళ్ల తరబడి సిగరెట్ తాగేవాళ్లలో ఆ కణాల చోటును బల్లపరుపు కణాల వరసలు ఆక్రమించుకుంటాయి. వాటికి పొగని తట్టుకునే మొండితనం ఉంది గానీ తోసే శైలికలు లేవు. ఇక కఫం పైకి రావాలంటే దగ్గడమొక్కటే దారి.

ఈ కణజాలానికి ఇంకో గుణం, త్వరగా పుట్టి త్వరగా రాలిపోవడం. పేగు లోపలి పొర మూడు నుంచి అయిదు రోజుల్లో కొత్తదైపోతుంది. కీమోథెరపీ మందులు గబగబా విభజన చెందే కణాల మీద పడతాయి కాబట్టి, రోగికి నోటి పూత, విరేచనాలు వస్తాయి. అంతగా విభజన జరిగే చోటు కనుకే పెద్దవాళ్లలో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఉపకళలోనే పుడతాయి. వాటినే కార్సినోమా అంటారు. సంయోజక కణజాలంలోనో, కండరంలోనో పుడితే సార్కోమా. బయాప్సీ రిపోర్టులో 'ఇన్ సైటు' అని రాశారంటే, పాడైన కణాలు ఇంకా ఆధార త్వచం దాటలేదని. ఆ సన్నటి పొర దాటాయా లేదా అన్నదాని మీద చికిత్స చాలా మారిపోతుంది.

కణాలు దూరదూరంగా ఉండి, వాటి మధ్య బోలెడంత పదార్థం ఉంటే అది సంయోజక కణజాలం. ఇక్కడ కణాలు తక్కువ పనివాళ్లేం కాదు. మధ్యలో ఉన్నదంతా తయారుచేసింది అవే. కానీ బరువు మోసేదీ, లాగుడు తట్టుకునేదీ ఆ మధ్య పదార్థమే. అందులో ముఖ్యమైనది కొల్లాజెన్ అనే పీచు. మన ఒంట్లోని ప్రోటీన్లలో దాదాపు మూడో వంతు ఇదొక్కటే. ఆ పీచు ఒకే దిశలో గట్టిగా పేనితే, కండరాన్ని ఎముకకి కట్టే స్నాయుబంధనం. వదులుగా అల్లితే, చర్మం కింద ఉండే మెత్తటి పొర. దానికి కాల్షియం, ఫాస్ఫేట్ లవణాలు పట్టిస్తే ఎముక. ఎముకలో ఈ రెండూ ఉన్నాయని చూపించడానికి పాత ప్రయోగం ఒకటుంది. పలచటి ఆమ్లంలో కొన్ని రోజులు నానబెడితే లవణాలు కరిగిపోయి, ఎముక రబ్బరులా వంగుతుంది. బాగా కాలిస్తే పీచు పోయి, ఆకారం అలాగే ఉంటుంది గానీ ముట్టుకుంటే పొడిపొడి అవుతుంది.

ఈ పీచు ఒకసారి కట్టేసి వదిలేసేది కాదు, పాతది తీసి కొత్తది వేస్తూనే ఉండాలి. గట్టి కొల్లాజెన్ తయారు కావాలంటే విటమిన్ సి కావాలి. అది నెలల తరబడి అందకపోతే స్కర్వీ వస్తుంది. పూర్వం సుదీర్ఘ ఓడ ప్రయాణాల్లో ఈ జబ్బు వచ్చిన నావికులకి, ఏళ్ల కిందట మానిపోయిన గాయాలు సైతం మళ్లీ విచ్చుకున్నాయి. కణాలు బతికే ఉన్నాయి, మధ్యలోని కట్టు ఊడిపోయింది. నేను ఏ పాఠం మర్చిపోయినా దీన్ని మర్చిపోలేదు.

కొవ్వు కణజాలం మాత్రం ఈ లెక్కకి కొంచెం ఎదురు తిరుగుతుంది. అందులో కణాలే ఉబ్బి చోటంతా నింపేస్తాయి, మధ్య పదార్థం తక్కువ. అయినా పుట్టుకనీ, చుట్టూ ఉన్న పీచునీ బట్టి సంయోజకంలోనే వేశారు. ఈ ఒక్కదాన్నీ విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే, తప్పదు.

ఇప్పుడు రక్తం. కణాల మధ్య ఏముందో అడగండి. ప్లాస్మా ఉంది. రక్తంలో సుమారు 55 శాతం అదే, మిగతాది కణాలు. ఎముకలో మధ్య పదార్థం గట్టిది, మృదులాస్థిలో, అంటే మీ అత్తగారన్న గుజ్జులో, బిగుసుకున్న జెల్ లాంటిది, రక్తంలో పారేది. అంతే తేడా. మరి పీచు ఏదీ అంటారా? కరిగిన రూపంలో దాక్కుని ఉంది. ప్లాస్మాలో ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ ఉంటుంది. గాయమైనప్పుడు అది ఫైబ్రిన్ దారాలుగా మారి వలలా అల్లుకుంటుంది. అదే రక్తం గడ్డ. పుట్టుక చూసినా బంధుత్వం కనిపిస్తుంది. పిండంలో మొదట ఏర్పడే మూడు పొరల్లో నడిమిది మధ్య త్వచం. ఎముకలు చాలావరకూ, రక్తమూ దాని నుంచే వస్తాయి. పెద్దయ్యాక ఎర్ర రక్తకణాలు తయారయ్యేదీ ఎముకల మజ్జలోనే. సెకనుకి సుమారు 20 లక్షల చొప్పున పుట్టి, ఒక్కోటి దాదాపు 120 రోజులు తిరిగి పోతుంది. రక్తాన్ని ఈ గుంపులో ఎందుకు వేశారో మీరు అడిగిన ప్రశ్న సరైనదే. జవాబు చెప్పకుండా రాసుకోమన్నవాళ్లదే పొరపాటు.

కండరం దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. కణాలు పోగుల్లా పొడవుగా, ఒకే దిశలో పడుకుని ఉంటే, వాటి మధ్య పలచటి పొరలు తప్ప ఇంకేం లేకపోతే అది కండరం. చారలుండి, ఒక్కో పోగులో ఎన్నో కేంద్రకాలు అంచులకి జరిగి ఉంటే అస్థి కండరం. చారలుండి, పోగులు కొమ్మలుగా చీలి ఒకదానికొకటి కలిస్తే హృదయ కండరం. చారలు లేకుండా, రెండు కొసలూ సన్నగా ఉంటే నునుపు కండరం. గుండెలో ఆ కలిసే చోట్లే అసలు విశేషం. అక్కడ కణం నుంచి కణానికి విద్యుత్ సంకేతం నేరుగా దాటిపోయే సన్నటి దారులుంటాయి. అందుకే కోట్ల కణాలు కలిసికట్టుగా ముడుచుకుంటాయి.

నాడీ కణజాలంలో ఆ మధ్య చోటు కోసం పెద్ద తగవే నడిచింది. ఇటలీకి చెందిన గోల్జీ, నాడీకణాలకి వెండి లవణాలతో రంగు పట్టించే పద్ధతి కనిపెట్టాడు. అవన్నీ ఒకే వలలా కలిసిపోయి ఉంటాయని ఆయన నమ్మకం. స్పెయిన్‌కి చెందిన కహాల్ అదే రంగు పద్ధతితో చూసి, కాదు, ఏ కణానికి ఆ కణం విడిగానే ఉంది అన్నాడు. 1906లో ఇద్దరికీ కలిపి నోబెల్ ఇచ్చారు. బహుమతి అందుకున్నప్పటి ఉపన్యాసంలో కూడా గోల్జీ పట్టు వదల్లేదు. కహాల్ చెప్పిందే నిజమని 1950ల్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు తేల్చింది. నాడీకణాల మధ్య చాలాచోట్ల ఉండే ఆ సందు సుమారు 20 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరుని 50,000 భాగాలు చేస్తే అందులో ఒకటి. దాన్ని రసాయనాలు దాటుతాయి. మెదడు మీద, నాడుల మీద పనిచేసే మందుల్లో చాలావాటి పని ఆ సందులోనే. ఇటువంటి నాడీకణాలు మెదడులో సుమారు 8,600 కోట్లు. వెన్నుపాము కింది భాగం నుంచి పాదం దాకా వెళ్లే తీగ ఒక్కటే మీటరు పొడవుంటుంది, అదంతా ఒకే కణంలో భాగం.

పరీక్షకి ఒక్క బొమ్మ బాగా గీయడం నేర్చుకోండి, జీర్ణాశయం గోడ. లోపలి అంచున పొడవు కణాల ఉపకళ. దాని కింద రక్తనాళాలతో సంయోజక కణజాలం. దాని బయట నునుపు కండరం. మిగతా పేగంతా రెండు వరసలైతే ఇక్కడ మూడు, ఎందుకంటే తిన్నది తొయ్యడమే కాదు, పిసకాలి కూడా. ఆ కండరాల వరసల మధ్య నాడుల అల్లిక. అన్నిటికీ బయట మళ్లీ పలచటి ఉపకళ. నాలుగు కణజాలాలూ ఒక్క గోడలో దొరికాయి కదా? నాలుగూ కలిసి ఒక పని చేస్తే అవయవం, అవయవాలు కలిస్తే వ్యవస్థ. ఆ మెట్ల గురించి వేరే బట్టీ పట్టక్కర్లేదు. ఈ బొమ్మని పుస్తకం మూసేసి రోజుకొకసారి వారం రోజులు గీయండి. అందంగా రాకపోయినా ఫర్వాలేదు.

స్లైడు గుర్తుపట్టమంటే కంగారు పడకండి. మామూలుగా వేసే రంగుల్లో కేంద్రకాలు ఊదాగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. ఊదా చుక్కలు కిక్కిరిసి, ఒక పక్క ఖాళీ కనిపిస్తే ఉపకళ అనుకోండి. గులాబీ పరుచుకుని ఊదా చుక్కలు అక్కడక్కడా ఉంటే సంయోజకం కావచ్చు, కండరమూ కావచ్చు. అప్పుడు చారల కోసం వెతకండి. ముందు తక్కువ పవర్‌లో మొత్తం చూసి, తర్వాతే దగ్గరికి వెళ్లండి. నేను గాలి బుడగ గీసింది ఎక్కువ పవర్‌తో మొదలుపెట్టబట్టే.

ఇక మీ అత్తగారి మోకాలు. ఎముకా, గుజ్జూ రెండూ సంయోజక కణజాలాలే. గుజ్జు అంటే మృదులాస్థి, ఎముకల కొసలకి తొడిగినట్టు నున్నగా ఉంటుంది. ఎముకలోకి రక్తనాళాలు దారులు చేసుకుని వెళ్తాయి. విరిగినప్పుడు అక్కడ రక్తం కారి గడ్డ కడుతుంది, మరమ్మతు చేసే కణాలు రక్తనాళాలతో సహా అందులోకి వస్తాయి, ముందు మెత్తటి అతుకు వేస్తాయి, అదే నెమ్మదిగా ఎముకగా గట్టిపడుతుంది. మృదులాస్థిలోకి ఒక్క రక్తనాళం కూడా వెళ్లదు. నేను గుర్తుపెట్టుకోమన్న దూరం ఇక్కడ చెల్లదు. దాని కణాలు చిన్న చిన్న గూళ్లలో, బిగుసుకున్న జెల్ మధ్య ఇరుక్కుని ఉంటాయి, పక్కకి కదల్లేవు, పెద్ద వయసులో విభజన కూడా దాదాపు ఆగిపోతుంది. కీలులో ఉండే ద్రవమే వాటికి తిండి. నడిచినప్పుడు నొక్కుకుని, వదిలినప్పుడు పీల్చుకుని, స్పాంజిలా అది లోపలికి వెళ్తుంది. అరిగిన చోట రక్తం రాదు కాబట్టి గడ్డ కట్టదు, గడ్డ లేదు కాబట్టి మరమ్మతు కణాలు రావు.

ఆవిడకి ఇంత చెప్పక్కర్లేదు. "అత్తయ్యా, ఎముకలోకి రక్తం వెళ్తుంది, కాబట్టి అతుక్కుంటుంది. గుజ్జులోకి రక్తం వెళ్లదు, కదిలితేనే దానికి తిండి. అందుకే డాక్టరు గారు చెప్పిన వ్యాయామం మానకండి" అంటే చాలు. ఎంత చెయ్యాలి, ఏది చెయ్యకూడదు అన్నది ఆవిడని పరీక్షించిన డాక్టరే చెప్పాలి, నేనూ మీరూ కాదు.

ఇంత విన్నాక ఆవిడ ఊరుకోరు. "మరి నొప్పి ఎక్కడిది?" అంటారు. మృదులాస్థిలో నాడులు కూడా లేవు. నొప్పి దాని కిందున్న ఎముక నుంచి, కీలు లోపలి పొర నుంచి, చుట్టూ ఉన్న బంధనాల నుంచి వస్తుంది.